ఆపినా ఆరని బల్బు

మంగళవారం

పాపసంకీర్తనానికి వెళ్తే తెర అవతల నుంచి పాద్రి అన్నాడు: "పియెదాద్, నువ్వు చెప్పేవి పాపాలు కావు, చింతలు. చింతలకి నా దగ్గర మందు లేదు. ఇంట్లో ఒక పుస్తకం పెట్టుకుని రాసుకో." నా వెనక చాలామంది నిలబడి ఉన్నారట. సరే, రాస్తున్నా. ఇది మా అమ్మాయి లవీనాకి తను పాఠాలు చెప్పే బడిలో ఇచ్చిన పోయినేడాది డైరీ. అచ్చేసిన తేదీలు కుదరవు, వారం పేరు నేనే రాసుకుంటా. నాది నాలుగో తరగతి చదువు. అక్షరాలు వంకరపోతే అడిగేవాళ్ళు లేరు.

బావి తాడు ఒకచోట నలిగింది. ఎవరైనా బావిలో పడతారేమో. కొబ్బరికాయలు దింపేవాడు రాలేదు. ఎవరి నెత్తిన పడతాయో. ఇవి పాత చింతలు.

కొత్తది మా ఆయన ఇనాస్ పెట్టాడు. హాలు గోడలో చిల్లి పెట్టాడు.

కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ మా ఆయనకి హాల్లో బల్బు వేస్తే సూదులతో పొడిచినట్టుంటుందట. వెయ్యకపోతే దేవుడి పీఠం ముందు చీకట్లో జపమాల చెప్పలేనంటాడు. అందుకని మడ్‌గావ్ వెళ్ళి డిమ్మర్ కొనుక్కొచ్చాడు. ఫ్యానుకి రెగ్యులేటర్ ఉంటుందే, అలాంటిదే, దీపానికి. కుడికి తిప్పితే వెలుగు పెరుగుతుంది. ఎడమకి చివరిదాకా తిప్పితే టక్కుమని ఆరిపోతుంది. దాన్ని తన కుర్చీ పక్కన, చేతికందేలా పెట్టుకుంటాడట. పీఠం మీది బల్బు నుంచి అక్కడిదాకా కొత్త తీగ లాగుతాడట.

"పాండురంగని పిలుద్దాం పాయ్, గంటలో చేసిపోతాడు" అంది లవీనా వాళ్ళ నాన్నతో.

"పాండురంగ వాళ్ళ నాన్నకి ప్లగ్గు బిగించడం నేర్పింది నేను. వాడొచ్చి నా ఇంట్లో బిగిస్తాడా?"

అదీ నిజమే. బతుకంతా ఓడల మీద కరెంటు పనే చేశాడు. సెలవుకి వచ్చినప్పుడు ఈ ఇంటికీ, ఈ వాడలో సగం ఇళ్ళకీ తీగలు లాగింది ఆయనే. కానీ ఇప్పుడు టీ తాగితే సగం సాసర్లోనే ఉంటుంది. ఆ చేత్తో తీగలు పట్టుకుంటాడట.

వచ్చే వారం శుక్రవారం సాయిబీణ్ మాయ్ మా ఇంటికొస్తుంది. ఇప్పుడు ఆ మరియమ్మ తల్లి విగ్రహం చర్చి పక్క ఇళ్ళల్లో తిరుగుతోంది. రోజుకో ఇల్లు, సాయంత్రం జపం, రాత్రంతా అమ్మ అక్కడే, మర్నాడు పక్కింటికి. మా వంతు వచ్చేసరికి గోడలో చిల్లి, నేలంతా సున్నం ఉంటే వాడవాళ్ళకి మొహం ఎలా చూపించను? తల్లీ, నువ్వైనా కాస్త ఆలస్యంగా రా.

బుధవారం

స్టూలు కాళ్ళు నేను పట్టుకున్నా. ఆయన ఎక్కాడు.

"మెయిన్ ఆపావా?"

"ఆపా."

"సరిగ్గా చూశావా?"

"చూశా."

"ఇనాస్, మెయిన్..."

"పాద్రి నిన్ను ఎందుకు పంపించేశాడో ఇప్పుడర్థమైంది" అన్నాడు. వెళ్ళి చూసొచ్చా. ఆపే ఉంది. మళ్ళీ ఇంకోసారి వెళ్ళి చూశా.

పైన పెట్టెలో ఎర్ర తీగ ఒకటి, నల్లది ఒకటి ఉన్నాయి. ఆయన నల్లదాన్ని డిమ్మర్ వైపు కలుపుతుంటే అడిగా, "ఎర్రది కదా స్విచ్చికి వెళ్ళాలి?" అని. ఓడ మీద ఉన్న రోజుల్లో ఇల్లు నేనొక్కదాన్నే చూసుకునేదాన్ని కదా, కొన్ని చెప్పి వెళ్ళేవాడు.

"ఏదైతేనేం? రెండూ ఒకటే. రెండూ కాటేసేవే" అన్నాడు.

ఆయనకి తెలియనిది నాకు తెలుసా? స్టూలు గట్టిగా పట్టుకున్నా.

వెలిగింది. తగ్గిస్తూ తగ్గిస్తూ పోయాడు. పీఠం మీద అమ్మ మొహం తేనె రంగుకి వచ్చింది. "కళ్ళు నొప్పి లేవు" అన్నాడు. ఆపరేషన్ అయ్యాక కళ్ళు చిట్లించకుండా నన్ను చూడటం ఇవాళే. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలన్నా.

గురువారం

మధ్యాహ్నం ఆయన కళ్ళకోసం కర్టెన్లు దించి ఉంచుతాం. హాలు చీకటిగా ఉంటుంది. భోజనమయ్యాక డిమ్మర్ టక్కుమనిపించి పడుకున్నాడు. నేను గిన్నెలు కడిగి వస్తూ చూశా. బల్బు ఆరలేదు.

పూర్తిగా వెలగడం లేదు. పూర్తిగా ఆరడమూ లేదు. బూడిద కింద నిప్పులా ఉంది.

లేపా. లేచి చూసి "డిమ్మర్ నాసిరకం, మార్చుకొస్తా" అన్నాడు. మళ్ళీ పడుకున్నాడు. నాకు నిద్రెక్కడిది? ఆ కుర్చీలో కూర్చుని దాన్నే చూశా.

శుక్రవారం

డిమ్మర్ మార్చాడు. బల్బు ఆరదు.

శనివారం

బల్బు మార్చాడు. ఆరదు. లవీనా గదిలోది తెచ్చి పెట్టాడు. అదీ ఆరదు. అటక మీద పాతకాలం బల్బు ఒకటుంది, లోపల సన్న తీగతో వెచ్చగా కాలుతుందే, అది. దాన్ని పెడితే టక్కుమని ఆరింది, చుక్క వెలుగు లేదు. "చూశావా, దోషం ఈ కొత్త బల్బులది. ఇవి ఎంత కొంచెం కరెంటుకైనా కళ్ళు తెరుస్తాయి" అన్నాడు. నా గుండె కుదుటపడింది. సరిగ్గా గంటకి ఆ పాతది టప్పుమని మాడిపోయింది. మళ్ళీ కొత్తదే.

పోనీలే. దోషం బల్బుదే. ఆయనే చెప్పాడు కదా.

మధ్యాహ్నం భోజనానికి వస్తే బల్లమీద గుడ్డ అంతా తడి. కంచాల కింద తడిపి పరిచాడు. కూర ఒలికించి తుడవబోయి ఉంటాడు. లవీనా గుడ్డ వంకా ఆయన వంకా చూస్తూ అన్నం తినలేదు. ఈ పిల్ల తిండి సంగతొకటి.

ఆదివారం

పూజ అయ్యాక పక్కింటి అపోలిన్ వచ్చింది. ఇనాస్ కునుకు తీస్తున్నాడు, కర్టెన్లు దించి ఉన్నాయి. గడపలోనే ఆగిపోయింది.

"పియెదాద్, పగటిపూట దీపం ఎందుకే?"

"వెయ్యలేదు. ఆపేసే ఉంది."

"వెలుగుతోంది కదే!"

"ఆపితే ఇలా ఉంటుంది." తిప్పి చూపించా. వేశా, ఆపా. వేశా, ఆపా.

అపోలిన్ సిలువ గీసుకుంది. "సాయిబీణ్ మాయ్ మా మరిది ఇంట్లో ఉండగానే ఇక్కడ దీపం పెట్టుకుందే! శుక్రవారం దాకా ఆగలేకపోయింది."

"కొత్త బల్బులు అంతేనట..."

"మా ఇంట్లోనూ ఉన్నాయి కొత్త బల్బులు. ఆపితే చచ్చినట్టు ఆరతాయి. నోరు మూసుకుని దండం పెట్టు."

పెట్టా. ఏం చెప్పను, పెడుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళ నా చింతలన్నిటికీ అమ్మ ఒక జవాబు పంపిందేమో. పంపకూడదా? నేనేం పాపం చేశాను? పాద్రే అన్నాడు నావి పాపాలు కావని.

సోమవారం

జనం. అపోలిన్ ఊరుకుంటుందా? చేపలమ్మే మనిషి దగ్గర్నుంచి చర్చిలో గంట కొట్టేవాడి దాకా వచ్చి చూసి వెళ్ళారు. అందరికీ నిమ్మరసం కలిపా. ఒకావిడ బల్బు కింద మోకరిల్లి కొడుకు ఉద్యోగానికి మొక్కుకుంది. మా ఇంటికి! పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఈ వాడలో నన్ను "ఆ దిగులుది" అనేవాళ్ళే గాని, ఇలా వచ్చిన వాళ్ళు లేరు.

ఇనాస్ గుమ్మంలో నిలబడి, "ఇంతమంది కస్టమ్స్ వాళ్ళా? మన దగ్గర దాచిన సరుకేమీ లేదు, కేబిన్లన్నీ వెతుక్కోండి" అన్నాడు. అంతా నవ్వారు. ఎప్పుడూ అంతే, మనుషుల్ని నవ్విస్తాడు.

పొద్దున్నే, ఇంకా తెల్లవారక ముందు లేచి చొక్కా వేసుకుని డ్యూటీకి టైమైందన్నాడు. కాఫీ ఇచ్చా. తాగి కూర్చున్నాడు. నీళ్ళకుండని తాడుతో కిటికీ చువ్వకి కట్టాడు. పిల్లి దొర్లిస్తోందని కట్టాడేమో.

మంగళవారం

లవీనా నాతో ఏదో చెప్పాలంది. పని ఉందన్నా. వంటింట్లోకి వెనకాలే వచ్చింది. గిన్నెలు గట్టిగా తోమా.

బుధవారం

తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నా.

శుక్రవారానికి అలంకరణ చేస్తానని అపోలిన్ బంతిపూల దండలు తెచ్చింది. పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టుతో, తడి చేతులతో వచ్చింది. "బల్బు చుట్టూ ఒక దండ వెయ్యాలే, అదే కదా అమ్మ కన్ను" అంది. డిమ్మర్ ఆపా. టక్కుమనడం నేను విన్నా, ఆమె కూడా విన్నది. బల్బు తీసి నా చేతికిచ్చి హోల్డర్‌కి దండ కట్టబోయింది. కెవ్వుమంది. స్టూలు ఒకవైపు, అపోలిన్ ఒకవైపు.

దేవుడు చల్లగా చూశాడు, తల తగల్లేదు. మణికట్టు వాచిపోయింది. లేచి కూర్చుని మొదట అన్న మాట, "అపవిత్రమైన చేత్తో ముట్టుకున్నానే, అమ్మ తోసేసింది." రెండో మాట, "నిన్న చేపలు శుభ్రం చేశాను."

ఇనాస్ బయట తోటలో ఉన్నాడు. ఆయనకి చెప్పలేదు. జారిపడిందన్నా.

అపోలిన్ని ఆమె కొడుకు తీసుకెళ్ళాక తలుపు గడియ పెట్టా. మొదటిసారి ఓడెక్కుతూ ఇనాస్ నన్ను ఈ హాల్లోనే నిలబెట్టి చెప్పింది నాకు జ్ఞాపకమే. టెస్టర్ నా చేతిలో పెట్టి, "స్విచ్ ఆపాక హోల్డర్లో ఇది వెలగకూడదు. వెలిగిందంటే స్విచ్ తప్పు తీగ మీద ఉన్నట్టు. బల్బు ఆరినట్టే కనిపిస్తుంది గాని కరెంటు అక్కడే పొంచి ఉంటుంది. మనిషి ప్రాణం పోతుంది" అన్నాడు. అప్పుడు భయపడి నాలుగు రాత్రులు పడుకోలేదు. అందుకే మర్చిపోలేదు.

డిమ్మర్ ఆపా. చేతులు పొడిగా తుడుచుకుని, రబ్బరు చెప్పులేసుకుని స్టూలెక్కా. టెస్టర్ పెట్టా.

వెలిగింది.

అయినా దోషం బల్బుదే అని ఎందుకు రాశానో శనివారం.

గురువారం

ఇనాస్ మంగలి దగ్గరికి వెళ్ళాడు. లవీనా బడికి సెలవు పెట్టింది. ఇద్దరం తలుపేసుకున్నాం.

చెప్పా. నల్ల తీగ డిమ్మర్‌కి వెళ్ళిందని, కరెంటుండే ఎర్రది తిన్నగా హోల్డర్‌లోకి దిగిందని. అందుకే ఆపినా కరెంటు బల్బు దాకా వచ్చి కూర్చుంటోందని.

"పాయ్ ఇలా చేశాడా?" అంది. "నేను గౌన్లేసుకునే కాలం నుంచీ చూస్తున్నా, తీగ రంగు చూడకుండా ముట్టుకున్నవాడు కాదు. పాండురంగ వాళ్ళ నాన్నని దీనికే కదా ఒకసారి చెంపమీద కొట్టాడు!"

"రెండూ ఒకటే అన్నాడే. రెండూ కాటేస్తాయన్నాడు."

లవీనా స్టూలు మీదే కూర్చుండిపోయింది. "మాయ్, అది ఓడ లెక్క. ఓడలో దీపాల లైన్లకి రెండు తీగల్లోనూ కరెంటుంటుందని పాయ్ చిన్నప్పుడు చెప్పేవాడు. నేలమీద ఒకదాంట్లోనే. ఓడలో ఒక లెక్క, ఇంట్లో ఒక లెక్క, రెండూ కలిపితే చస్తాం అని పాటలా చెప్పేవాడు."

"అయితే ఏమంటావ్? మర్చిపోయాడు. ముసలాడు."

"మర్చిపోలేదు మాయ్. పాయ్ ఓడలో ఉన్నాడు. తెల్లారుజామున డ్యూటీ. కుండకి తాడు. కంచాల కింద తడిగుడ్డ ఎందుకు వేస్తారో తెలుసా? ఓడ ఊగినప్పుడు కంచాలు జారిపోకుండా."

"చెంప పగులుతుంది" అన్నా.

ఆ పిల్లకి నలభై దాటాయి. వెళ్ళి మెయిన్ ఆపింది. నేను రెండుసార్లు చూసొచ్చేదాకా ఆగింది. పైన పెట్టెలో రెండు తీగల చివర్లు తారుమారు చేసింది. అంతే. అంతే పని. మెయిన్ వేశాం, కర్టెన్లు దించాం. డిమ్మర్ టక్కుమంది. హాలు చీకటైపోయింది, నల్లగా, పూర్తిగా. టెస్టర్ పెట్టా. వెలగలేదు.

సంతోషించాలి. ఇద్దరం ఆ చీకట్లోనే కాసేపు నిలబడ్డాం. తర్వాత లవీనా డాక్టర్‌కి ఫోన్ చేసింది. వచ్చే గురువారం రమ్మన్నారట. నేను వద్దనలేదు.

శుక్రవారం

వచ్చింది, తల్లి వచ్చింది. అపోలిన్ మరిది నెత్తిమీద పెట్టుకుని తెచ్చాడు, వెనక కొవ్వొత్తులతో వాడంతా. జపమాల అయింది, స్తోత్రాలయ్యాయి. ఇనాస్ గొంతు అందరికన్నా పైకి వచ్చింది, ఒక్క మాట తప్పలేదు. లాటిన్ ముక్కలతో సహా. లవీనా నా వైపు చూసింది. నేను చూడలేదు. గుగ్గిళ్ళు పంచుతుంటే నాకనిపించింది, అంతా సరిగ్గానే ఉందేమో, డాక్టర్‌కి వద్దని చెప్పేద్దామా అని.

అప్పుడు అపోలిన్ కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, "ఇనాస్ బాబ్, ఆపి చూపించు. మా మరిది నమ్మట్లేదు" అంది. అందరూ కొవ్వొత్తులు ఊదేశారు. ఇనాస్ కుర్చీలోంచి చెయ్యి చాపి తిప్పాడు. టక్.

చీకటి. ఏమీ లేదు.

ఎవరో గొణిగారు. "వెళ్ళిపోయిందే." "ఈ ఇంట్లో ఏదో జరిగింది." "బుధవారం నాకు తగిలినప్పుడే అనుకున్నా" అంది అపోలిన్. మొన్న మోకరిల్లిన ఆవిడ నన్ను చూడకుండా గుగ్గిళ్ళ దొన్నె కింద పెట్టేసింది. నిజం చెబితే ఇనాస్ పరువు పోతుంది. చెప్పకపోతే నాది. నాది పోతే పోయింది, అలవాటే. ఊరుకున్నా.

ఇనాస్ దీపం వేసి నవ్వాడు. "డిమ్మర్ కుదురుకుంది, అంతే. కొత్తవి అలాగే మారాం చేస్తాయి."

"అయితే మా ఇంట్లో కూడా ఒకటి పెట్టు బాబ్. రేపు అమ్మ మా ఇంటికే కదా. మా మనవరాళ్ళ గదిలో దీపం కూడా తగ్గించుకునేలా చెయ్యి, చంటిది వెలుగుంటే పడుకోదు" అంది అపోలిన్.

"రేపు పొద్దున్నే వస్తా" అన్నాడు. మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళయిందో ఆయన్ని ఎవరైనా పనికి పిలిచి.

చంటిది మంచమెక్కి అన్నీ ముట్టుకునే వయసు. మంచం పక్క గోడకున్న బల్బూ ముట్టుకుంటుంది. తడి చేతులే ఎప్పుడూ.

"వెళ్ళడు" అన్నా.

అందరూ ఆగారు. నా గొంతేనా అని నాకే అనుమానం. "ఇనాస్ ఇక తీగ ముట్టడు. పాండురంగని పిలుచుకో అపోలిన్. ఎవర్నైనా పిలుచుకో."

"ఏమిటే ఆ మాట?" అన్నాడు ఇనాస్. నవ్వుతూనే అడిగాడు. నవ్వు అలాగే ఉండిపోయింది మొహం మీద, ఎవరో తియ్యడం మర్చిపోయినట్టు.

"ముట్టడు" అన్నా మళ్ళీ. అమ్మ ముందు, వాడ ముందు.

అపోలిన్ "సర్లే, సర్లే, దిగులుదాని సంగతి తెలిసిందే కదా" అంటూ అందర్నీ లేపింది. మంచి మనిషి. ఏదో అర్థమైంది ఆమెకి.

శనివారం

మాట్లాడలేదు. సాయిబీణ్ మాయ్‌ని అపోలిన్ ఇంటికి సాగనంపాం. ఆయన గడప దాటలేదు.

ఆదివారం

మాట్లాడలేదు. చేపల కూర తిన్నాడు. పూజకి రాలేదు. నేను చంపేశానా ఆయన్ని? కరెంటు వల్ల పోతాడని ఇన్నాళ్ళు ఏడ్చి, ఒక్క మాటతో నేనే చంపేశానా?

పాద్రికి చెబుదామనుకున్నా. ఇది పాపమో చింతో తేలక చెప్పలేదు.

సోమవారం

మధ్యాహ్నం కర్టెన్లు దించి ఆయన కుర్చీలో, నేను కింద బియ్యం ఏరుతూ కూర్చున్నాం.

"అపోలిన్‌కి తగిలింది నేను పెట్టిన తీగేనా?"

బియ్యంలో రాయి కోసం చూస్తున్నట్టు తల దించుకున్నా.

"పియెదాద్."

"ఆఁ."

"ఏ తీగకి పెట్టాను?"

"నల్లదానికి."

చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. అవి వేరేవాళ్ళవైనట్టు చూశాడు. "మనిషి చచ్చేవాడు" అన్నాడు. తర్వాత, "ఎవరు సరిచేశారు?"

"లవీనా. నేను స్టూలు పట్టుకున్నా."

"మెయిన్ ఆపారా?"

"రెండుసార్లు చూశా."

తలూపాడు. అప్పుడు నా వైపు తిరిగి, చంటిపిల్లాడు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు, "నాకు ఓడ దిగినట్టు జ్ఞాపకం లేదు."

బియ్యం చాట పక్కన పెట్టా. నా చింతల్లో ఇది ఎప్పుడూ లేదు. బావి ఉంది, గ్యాస్ ఉంది, కొబ్బరికాయ ఉంది. ఇది లేదు.

"దిగావు" అన్నా. "మార్ముగావ్ రేవులో దిగావు. నేనొచ్చా. లవీనా కూడా వచ్చింది, జ్వరంతో."

"నిజంగా?"

"నిజంగా. ఇంక వెళ్ళనని ఆ రోజే అన్నావు."

ఎవరి కబురో వింటున్నట్టు విన్నాడు. "వాన పడిందా?"

"కుండపోతగా."

"నా పెట్టె తడిసిందా?"

"లేదు. గొడుగు పెట్టె మీద పట్టా. మనిద్దరం తడిశాం."

"ఇంకా చెప్పు" అన్నాడు. కుర్చీ దగ్గరికి జరిగా. రేవు నుంచి ఇంటిదాకా మొత్తం చెప్పా, బస్సులో ఎవరు చోటిచ్చారో, గుమ్మంలో ఏ కాలు ముందు పెట్టాడో. పూర్తయ్యాక మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు.

చెప్పా.